ఈత రానివాళ్ళు పగడాల మీదికి దిగొచ్చా? అండమాన్ వెళ్ళొచ్చినోళ్ళు చెప్పండి

సోంపేట చినబాబు:
సంక్రాంతి దాటాక ఇంటిల్లిపాదీ పోర్ట్‌బ్లెయిర్ వెళ్తున్నాం. (2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు గాని, అక్కడే స్థిరపడ్డ మా చిన్నాన్న నోట పాత పేరే వస్తాది.) సెల్యులర్ జైలు, రాస్ దీవిలో మర్రి ఊడలు కమ్మేసిన తెల్లదొరల కట్టడాలు చూడాలి, అక్కడ పేచీ లేదు. పేచీ అంతా పగడాల దగ్గరే. హేవ్‌లాక్ దీవిలో ఈత రాకపోయినా స్కూబాకి (వీపున గాలి ట్యాంకు కట్టుకుని నీటి అడుక్కి దిగడం) దింపుతారట. మాలో ఎవరికీ ఈత రాదు. ఏటి చేయమంటారు?

వంశధార గట్టు:
దిగొద్దు బాబూ. మీకేదో అవుతాదని కాదు, పగడానికి అవుతాదని. కిందటేడు నార్త్ బే దగ్గర చూశాను. ముక్కులోకి నీళ్ళు పోగానే మనిషి కంగారుపడి కాళ్ళు కిందికి తన్నేస్తాడు. ఆ కాలి కింద ఉన్నది బండరాయి కాదు, వేలాది చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఇల్లు. గుండ్రాళ్ళలా ఉండే పగడాలు ఏడాదికి సెంటీమీటరు పెరిగితే గొప్ప. జానెడు ముక్క విరిగితే, అది మళ్ళీ పెరిగేసరికి మీ పిల్లలకి పిల్లలు పుడతారు. 2010లో, 2016లో సముద్రం వేడెక్కి అక్కడి పగడాలు తెల్లగా పాలిపోయాయి. వాటి ఒంట్లో ఉండే నాచు పోతే రంగూ పోతాది, తిండీ పోతాది. జబ్బుపడి లేస్తున్నదాన్ని తొక్కడానికి మనసెలా వస్తాది?

బ్లెయిర్ అల్లుడు:
గట్టు గారూ, సముద్రం వేడెక్కింది యాత్రికుల కాళ్ళ వల్ల కాదు కదండీ. మా మావయ్య గారు టెక్కలి నుంచి వచ్చి ఇక్కడ పడవ మీదే ముగ్గురు పిల్లల్ని చదివించారు. స్కూబాలో శిక్షకుడు వెనక నుంచి ట్యాంకు పట్టుకునే ఉంటాడు, మీరు ఎటు తన్నినా ఆయన పైకి లాగేస్తాడు. నడుం లోతులో నిలబడి స్నార్కెల్ (నోట్లో గొట్టంతో గాలి పీలుస్తూ నీళ్ళలోకి చూడడం) చేసేవాళ్ళే తొక్కేది. పగడం ఎప్పుడూ చూడని మనిషి దాని గురించి బాధపడమంటే ఎలా పడతాడు? జాలీ బాయ్ దీవికి ప్లాస్టిక్ సంచి కూడా తీసుకెళ్ళనివ్వరు. ఇక్కడివాళ్ళకి పట్టదని అనకండి.

బారువ తీరం:
అంత దూరం ఎందుకు? 1917లో నిప్పంటుకుని మునిగిన చిల్కా ఓడ మన బారువ దగ్గరే ఉంది. ఆ ఇనుప పొట్టలో చేపలు కాపురం పెట్టాయి. ఆ డబ్బులేవో మన కుర్రాళ్ళకి ఇవ్వండి.

వంశధార గట్టు:
ఓడ చూడాల్సిందే, కానీ అది పగడం కాదు. పగడానికి తేట ఉప్పునీరు, ఎండా కావాలి. మహేంద్రతనయ, వంశధార, నాగావళి బురద తెచ్చి కలిపే మన తీరంలో అండమాన్‌లో లాంటి దిబ్బలు లేవు.
అల్లుడు గారూ, స్నార్కెల్ మాట మీరన్నది నిజమే. నేను చూసింది కూడా అదే. చినబాబూ, ఒక్కరికి ఒక్క శిక్షకుడు ఉంటేనే దిగండి. ఒకడికే ఇద్దరు ముగ్గుర్ని తగిలిస్తే, కట్టిన డబ్బు పోయినా సరే, వెనక్కి వచ్చేయండి.

సోంపేట చినబాబు:
అయితే అమ్మకీ పిల్లలకీ గాజు అడుగు పడవ, మా ఆవిడ ఒక్కర్తే స్కూబా. సన్‌స్క్రీన్ కూడా పగడానికి మంచిది కాదంటున్నారు. నిండు చేతుల చొక్కా వేసుకుంటే సరిపోతాదా?