బదనిక, వృక్షాదని, పరాన్నజీవి

ప్రశ్న: చెట్ల కొమ్మల మీద మొలిచి పెరిగే బదనిక అనే మొక్కను మనం పరాన్నజీవి అంటున్నాం. అమరకోశంలో దీనికున్న పేర్లు కూడా ఆ అర్థాన్నే ఇస్తాయా?

సమాధానం: అమరకోశం ద్వితీయకాండలోని వనౌషధివర్గంలో “వందా వృక్షాదనీ వృక్షరుహా జీవంతికేత్యపి” అని నాలుగు పేర్లున్నాయి. వీటిలో జీవంతికను బట్టి ఏదీ తేల్చలేము. ఆ వెంటనే వచ్చే శ్లోకం తిప్పతీగకూ అదే పేరు చెబుతుంది. వృక్షరుహ అంటే చెట్టు మీద మొలిచేది; ఇది బదనిక ఉండే చోటును చెబుతుందే తప్ప దాని నడతను చెప్పదు. నడతను చెప్పేది వృక్షాదని, అంటే చెట్టును తినేది.

ఆ తిండి ఎటువంటిదో మామిడి కొమ్మను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. బదనిక పండు తిన్న చిన్న పిట్ట, జిగురు వదలని గింజను కొమ్మకు రాసి వదిలించుకొంటుంది. అక్కడే మొలకెత్తిన గింజ బెరడును దాటి కొయ్యలోని నీటి నాళాలను అందుకొంటుంది, ఆ అతుకు దగ్గర కొమ్మ బుడిపెలా ఉబ్బుతుంది. బుడిపెకు అవతలి కొస నీరందక క్రమంగా ఎండిపోతుంది. అందుకే తోటల్లో బదనికను పీకి ఊరుకోకుండా, బుడిపెకు ఇవతల, మానువైపు నుంచి కొమ్మనే కోసేస్తారు. చెట్టుకు ఇంత హాని చేసినా బదనిక ఆకులు దళసరిగా, పచ్చగా ఉంటాయి. చెట్టు నుంచి అది లాగేది ప్రధానంగా నీరు, లవణాలే గనుక అన్నం చాలావరకు తానే వండుకొంటుంది. కాబట్టి పరాన్నజీవి అనే మాట దీనికి కొంచెం ఎక్కువే, పాక్షిక పరాన్నజీవి అనడం న్యాయం. ఆ మాట నిండుగా అమరేది మినుము చేలల్లో ఆకు లేకుండా అల్లుకొనే బంగారు తీగకూ, పొగాకు వేరును పట్టుకొని పైకి లేచే పొగాకు మల్లె అనే కలుపు మొక్కకూ (ఇది పూల మల్లె కాదు).

చేర్పు: వందా అన్న పేరును సంస్కృత పండితుడు విలియం జోన్స్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి పెట్టారు. ఆ మొక్క వేళ్లు బెరడును పట్టుకొని ఉంటాయే గాని లోపలికి దిగవు. వాన నీటినీ గాలిలోని తేమనూ పీల్చుకొని బతుకుతుంది. వృక్షరుహ దానికీ చెల్లుతుంది, వృక్షాదని మాత్రం చెల్లదు. తెలుగులోనేమో మామిడి బదనిక, వేప బదనిక అని ఆసరా ఇచ్చిన చెట్టు పేరే ముందు వస్తుంది. చెట్లు వేరైనంత మాత్రాన అవి వేర్వేరు మొక్కలని అనుకోనక్కరలేదు, మన వైపు విరివిగా కనిపించే బదనిక ఒక్కటే ఎన్నో జాతుల చెట్ల మీద పెరుగుతుంది.