వచ్చే నెల నుంచి అనస్తీషియా పోస్టింగ్. దవడ సర్జరీ వాళ్లకి అక్కడ ఏం పని?

మొదటేడు_పీజీ
అందరికీ నమస్తే. ఓరల్ అండ్ మ్యాక్సిలోఫేషియల్ సర్జరీలో మొదటి ఏడాది. వచ్చే నెల అనస్తీషియా, ఆ తర్వాత జనరల్ సర్జరీ, ఐసీయూ అని వరసగా పోస్టింగులు వేశారు. జ్ఞానదంతాలు తీయడంలో ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది, దవడ విరిగిన కేసులకి అసిస్ట్ చేస్తున్నాను. ఇంతలో తీసుకెళ్లి వేరే డిపార్ట్‌మెంట్‌లో పడేస్తే నా కేసులన్నీ పోతాయని బెంగ. పైగా డెంటల్ నుంచి వచ్చామంటే అక్కడ లెక్కచెయ్యరట. వెళ్లొచ్చిన అన్నలు, అక్కలు చెప్పండి, నిజంగా పనికొచ్చిందా, లేక హాజరు కోసమేనా?

ముక్కుగొట్టం
తమ్ముడో చెల్లెలో తెలీదు గానీ, నేనూ ఇలాగే ఏడుస్తూ వెళ్లాను. మొదటి వారం ఓ మూల నిలబడి చూడటంతోనే సరిపోయింది. రెండో వారం ఒక సీనియర్ మేడమ్‌తో "నాకు మాస్క్ పట్టి ఊపిరి అందించడం నేర్పండి మేడమ్, గొంతులోకి ట్యూబు వేసే సంగతి తర్వాత" అన్నాను. ఆవిడ నవ్వి, ఆ రోజు లిస్టులో ప్రతి కేసుకీ నన్నే తల దగ్గర నిలబెట్టారు.

అందరూ ఎన్ని ట్యూబులు వేశామని లెక్క రాసుకుంటారు. ట్యూబు పడనప్పుడు మనిషిని నిలబెట్టేది మాస్కే. బొటనవేలు, చూపుడువేలు మాస్క్ మీద, మిగతా మూడూ దవడ ఎముక మీద ఉండాలి. నావి గడ్డం కింద మెత్తని చోటికి దిగిపోయేవి. అక్కడ నొక్కితే నాలుక పైకి లేచి దారి ఇంకా మూసుకుపోతుంది. "ఎముక మీద పట్టవయ్యా, అది మీ ఎముకేగా!" అన్నారావిడ. అంతకు ముందు నెలే ఆ ఎముకకి ప్లేట్లు వేస్తుంటే అసిస్ట్ చేసినవాణ్ణి, వేళ్లు ఎక్కడ ఆనించాలో తెలీలేదు. సిగ్గేసింది.

ఇంకోటి. మన కేసుల్లో పై పళ్లూ కింది పళ్లూ కలిపి కట్టి చూసుకోవాలి కాబట్టి ట్యూబు చాలాసార్లు ముక్కులోంచే వెయ్యాలి. ముందు రక్తం కారకుండా ముక్కులో చుక్కలు, ట్యూబుని గోరువెచ్చని సెలైన్‌లో పెట్టి మెత్తబరచడం, ముక్కు అడుగు వెంబడి నెమ్మదిగా వెనక్కి జరపడం. పైకి తోశారో, రక్తమే. చేతులు కడుక్కొచ్చి "ఇంకా ఎంతసేపండీ" అని గొణిగే బ్యాచ్‌లో నేనూ ఉండేవాణ్ణి. ఇప్పుడు నోరెత్తను.

ఫైళ్ల_బంటు
అందరికీ అలాంటి మేడమ్ దొరకరు. నా జనరల్ సర్జరీ పోస్టింగ్ మొత్తం డ్రెస్సింగులు, డిశ్చార్జి సమ్మరీలు, ల్యాబుకి పరుగులు. రెండు నెలల్లో కత్తి పట్టింది ఒక్కసారి, అదీ వీపు మీద గడ్డ కోయడానికి. "డెంటల్ డాక్టర్ గారూ, ఆ ఫైలు తెస్తారా" అని పిలిచేవాళ్లు. మా డిపార్ట్‌మెంట్‌లో చెబితే "సర్దుకుపో" అన్నారు. పనికొచ్చిందల్లా రాత్రిళ్లు క్యాజువాలిటీలో కూర్చోవడమే. అది కూడా నా అంతట నేను వెళ్లి కూర్చున్నది.

రాత్రి_డ్యూటీ
ఫైళ్ల_బంటు చెప్పింది కాదనను, చాలాచోట్ల అంతే. కానీ ఐసీయూ విషయంలో మాత్రం నా తప్పు ఒకటి చెప్పాలి.

రెండో ఏడాది. కింది దవడ పన్ను పుచ్చి, గడ్డం కింద రెండు వైపులా కర్రలా గట్టిపడిన వాపుతో ఒకాయన వచ్చాడు. ముందుకు వంగి కూర్చుని, ఉమ్ము మింగలేక తువ్వాలులోకి వదులుతున్నాడు. లుడ్విగ్స్ అని, అంటే నాలుక కిందా గడ్డం కిందా పాకి ఊపిరి దారి మూసేసే ఇన్ఫెక్షన్ అని నాకూ అర్థమైంది. నోరు ఎంత తెరుచుకుంటోందో కొలిచాను, ఏ పన్నో చూశాను, సీటీకి రాసి వెల్లకిలా పడుకోమన్నాను. సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 97 ఉంది కదా అని ధైర్యం. పక్కనే ఉన్న ఐసీయూ డాక్టరు "లేపండి ముందు!" అని అరిచాడు. అప్పటికే పేషెంటు కాళ్లు కొట్టుకుంటున్నాడు. లేపి కూర్చోబెడితే గానీ ఊపిరి అందలేదు.

తర్వాత ఆయన నాకు చెప్పింది ఇంతే: వాపు కాదు, నాలుక చూడు, గొంతు విను, ఉమ్ము మింగుతున్నాడా లేదా చూడు. సాచురేషన్ పడేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం. పేషెంటు మెలకువగా ఉండగానే ముక్కులోంచి ఫైబర్ ఆప్టిక్‌తో (లోపల దారి చూపించే సన్నటి గొట్టం) ట్యూబు వేశారు, పక్కన ట్రేకియాస్టమీ (మెడ దగ్గర కోసి ఊపిరి దారి పెట్టడం) సెట్టు విప్పి పెట్టుకుని, మెడ మీద ముందే గీత గీసుకుని. చీము తీయడం, పన్ను పీకడం ఆ తర్వాత మా వంతు. పుస్తకంలో ఇదంతా అంతకు ముందే చదివాను. అయినా పడుకోబెట్టాను.

కంటిగూడు
నాదీ ఒకటి. ఆడుకుంటూ పడిపోయి ఒక పిల్లాణ్ణి తీసుకొచ్చారు. వాంతులు, నాడి నెమ్మదిగా ఉంది. అందరూ తలకి దెబ్బ అనే అనుకున్నారు. కన్ను ఎర్రబడలేదు, వాపూ లేదు. పైకి చూడమంటే మాత్రం ఆ కన్ను కదల్లేదు. కంటి గూడు అడుగు ఎముక తలుపులా తెరుచుకుని మూసుకుపోయింది, కండరం అందులో ఇరుక్కుంది. పిల్లల ఎముక మెత్తన కదా, ఇలా జరుగుతుంది. ఆలస్యమైతే ఆ కండరం చచ్చిపోతుంది.

ఆపరేషన్‌లో కండరాన్ని విడిపిస్తుంటే మానిటర్ బీప్‌ల మధ్య ఎడం పెరిగింది, అంటే ఆ కండరం లాగినందుకు గుండె నెమ్మదించింది. నేను అనస్తీషియాలో మూడు నెలలు ఆ చప్పుడు వింటూ గడిపినదాన్ని. ఎవరూ చెప్పకముందే చెయ్యి ఆగింది. లాగడం ఆపగానే గుండె మళ్లీ తన వేగానికి వచ్చింది, గుండె వేగం పెంచడానికి సిరంజిలో సిద్ధంగా ఉన్న అట్రోపిన్ మందు వాడాల్సిన పని పడలేదు. అన్నట్టు, సాచురేషన్ పడుతుంటే బీప్ స్వరం కూడా కిందికి దిగుతుంది. తెర చూడకుండా అది పోల్చుకోవడం అలవాటు చేసుకోండి.

ఫైళ్ల_బంటు
ఇది బావుంది అక్కా. క్యాజువాలిటీలో నేను నేర్చుకున్నదీ ఒకటి రాస్తా. ముఖం పగిలినవాడు వస్తే మన కళ్లు నేరుగా ముఖం మీదకే పోతాయి. మెడ ఎముక సంగతి తేలేదాకా తల తిప్పొద్దు. ముక్కులోంచి నీళ్లలాంటిది కారుతుంటే పుర్రె అడుగు విరిగిందేమో అనుకోవాలి, ఆ ముక్కులో రైల్స్ ట్యూబు (కడుపులోకి వేసే గొట్టం) వెయ్యొద్దు, నోట్లోంచి వెయ్యండి. ఒక ఇంటర్న్ చేతిలో ట్యూబు పట్టుకుని ఉంటే ఆపాను. ఆ పోస్టింగ్ మొత్తానికి నాకు దక్కిన తృప్తి అదే.

మొదటేడు_పీజీ
మూడు వారాలైంది, వచ్చి చెబుదామని. మాస్క్ పట్టి పట్టి బొటనవేలు వాచింది. నిన్న ముక్కులోంచి మొదటి ట్యూబు వేశాను, రెండో ప్రయత్నంలో. రక్తం రాలేదు! ఒక డౌట్. పళ్లు తీగలతో కట్టేసిన పేషెంటు రాత్రి ఐసీయూలో ఉంటాడు కదా, వాంతి చేసుకుంటే?

రాత్రి_డ్యూటీ
ముందు పక్కకి తిప్పి సక్షన్ పెట్టాలి. తీగ కట్టర్ మంచం తల వైపు టేపుతో అంటించి ఉండాలి, డ్రాయర్‌లో కాదు. చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఓసారి ఒక సిస్టర్ నన్ను అడిగింది, "డాక్టర్, ఇన్ని తీగల్లో ఏది కత్తిరించాలి?" అని. అప్పటినుంచి కాగితం మీద పళ్ల బొమ్మ గీసి, పై దవడని కింది దవడతో కట్టే తీగలకి మాత్రం ఎర్ర ఇంకు పెట్టి కట్టర్ పక్కనే అంటిస్తున్నాను. డ్యూటీ మారినప్పుడల్లా కొత్తగా వచ్చిన సిస్టర్‌కి వేలు పెట్టి చూపిస్తాను.