పాత జెన్ హైవేలో ఉన్నట్టుండి హీటెక్కుతోంది, ఊళ్లో మాత్రం బాగానే ఉంటోంది. కారణం ఏమై ఉండొచ్చు?

చిత్తూరు జెన్:

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. ఇంట్లో 2004 మోడల్ మారుతి జెన్ ఉంది, పెట్రోల్. నాన్న కొన్న బండి. అమ్మను చెకప్‌కి తిరుపతి తీసుకెళ్లేది ఇప్పటికీ దీంట్లోనే.

పోయిన వారం ఎండ బాగా ముదిరాక బయల్దేరాం. ఏసీ వేసుకుని డెబ్బై ఎనభై స్పీడులో వెళ్తున్నాం. పూతలపట్టు దాటేదాకా టెంపరేచర్ ముల్లు ఎప్పటిలాగే సగానికి కాస్త కింద ఉంది. చంద్రగిరి ఇంకా రాకముందే కదలడం మొదలైంది, చూస్తుండగానే ఎర్ర గీత దాకా వెళ్లిపోయింది. వెంటనే ఏసీ కట్టేసి, బండి పక్కకు తీసి బానెట్ ఎత్తాను. ఆవిరి లేదు, కింద ఒక్క చుక్క కారలేదు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. రేడియేటర్ పై హోస్ చెయ్యి పెట్టలేనంత వేడి, గట్టిగా ఉబ్బి ఉంది. కింది హోస్ మాత్రం గోరువెచ్చగా ఉంది. కూలెంట్ డబ్బా నిండా ఉంది, కానీ బాగా చల్లారాక రేడియేటర్ మూత తీస్తే దాదాపు లీటరు తక్కువ. నీళ్లు పోసి, ఏసీ లేకుండా యాభైలో మెల్లగా తిరుపతి చేరాం. దారిలో మళ్లీ ఎక్కలేదు. తిరుపతి ట్రాఫిక్‌లో కూడా ఏమీ కాలేదు.

ఒక మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాకే నీళ్లను రేడియేటర్‌కు వదిలే వాల్వ్) తీసి పారేద్దాం, మన ఎండలకు దాంతో పనేంటి అన్నాడు. ఇంకొకరు హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయింది, హెడ్ దించాల్సిందే అన్నారు. ఈ రెండు మాటల మధ్య టెన్షన్‌గా ఉంది. ఇంకో విషయం, చలికాలంలో రేడియేటర్‌లో క్లీనింగ్ మందు పోయించి ఫ్లష్ చేయించాను. డబ్బు పెట్టేముందు నేనే చూసుకోగలిగినవి ఏమైనా ఉంటే చెప్పండి.

పాకాల వాసి:

బ్రదర్, ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు) చూపించండి. నా 800కి అదే పోయింది, మార్చాక మళ్లీ ఆ బాధ లేదు. ఈలోగా ముల్లు ఎక్కితే ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెట్టండి. చెమటలు పడతాయి గానీ ఇంజిన్ వేడి కొంత క్యాబిన్‌లోకి లాగేస్తుంది.

రేడియేటర్ పని, తిరుపతి:

తమ్ముడూ, హెడ్ దించడానికి ఇప్పుడే ఒప్పుకోవద్దు. నేను తిరుపతిలో చాలా ఏళ్లుగా రేడియేటర్ పనే చేస్తున్నాను. కొండకు వచ్చే బళ్లు, భాకరాపేట ఘాట్‌లో ఆగిపోయిన బళ్లు మా షెడ్డుకు వస్తూనే ఉంటాయి. నువ్వు రాసిన దాంట్లో సగం జవాబు అప్పుడే ఉంది.

ముందు చూడాల్సింది బండి ఎప్పుడు హీటెక్కుతోంది అన్నది. లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌లో ఆగినప్పుడు ముల్లు ఎక్కి, రోడ్డెక్కి స్పీడు అందుకోగానే దిగిపోతే అది ఫ్యాన్ జబ్బు. రిలే, ఫ్యూజు, ఫ్యాన్ మోటారు చూసుకోవాలి. పాకాల అన్న చెప్పింది ఆ కేసుకు నూటికి నూరు పాళ్లు కరెక్టు. నీది తిరగేసిన కేసు. ఎనభైలో వెళ్తుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. ఆ స్పీడులో ఏసీ భారం కూడా మోస్తూ హీటెక్కిందంటే ఇంజిన్ వేడి రేడియేటర్ దాకా సరిగా రావడం లేదు, లేదా వచ్చిన వేడిని రేడియేటర్ వదిలించుకోలేకపోతోంది.

ఇక థర్మోస్టాట్. పై హోస్ వేడి, కింది హోస్ చల్లన అనగానే చాలామంది థర్మోస్టాట్ మూసుకుపోయింది అనేస్తారు. అది ఇంజిన్‌లో ఎక్కడుందో చూడకుండా ఆ మాట అనకూడదు. జెన్‌లో థర్మోస్టాట్ పై హోస్ మొదలయ్యే చోటే, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల భాగం) మీద ఉన్న చిన్న మూత కింద ఉంటుంది. అది పూర్తిగా మూసుకుపోతే వేడి నీళ్లు పై హోస్‌లోకే రావు. ఇంజిన్ ఉడికిపోతున్నా పై హోస్, రేడియేటర్ ఆ వేడి అందుకోవు. నీ పై హోస్ కాలిపోతోంది అన్నావు కదా, అంటే వాల్వ్ తెరుచుకుంది. కింది హోస్ దగ్గర థర్మోస్టాట్ ఉండే కార్లలో మాత్రం నువ్వు చూసిన లక్షణానికి వాళ్లు చెప్పే అర్థం సరిపోతుంది.

అయినా అనుమానం ఉంటే తీసి పరీక్షించు. గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద కాచు. ఎన్ని డిగ్రీలకు తెరుచుకోవాలో దాని మీదే కొట్టి ఉంటుంది. ఆ అంకె దగ్గర కదిలి, నీళ్లు మరిగేలోపు బాగా తెరుచుకుంటే అది మంచిదే. పోయిందనిపిస్తే కొత్తది వెయ్యి, ఖాళీగా మాత్రం వదలొద్దు. మన ఊళ్లలో ఈ అలవాటు మానిపించలేకపోతున్నాను, నాకు చాలా బాధ. థర్మోస్టాట్ లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోల్ చిమ్మే) బళ్లలో ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ ఇస్తుంది. మైలేజీ పడిపోతుంది, లోపల మసి పేరుకుంటుంది.

మరి పై హోస్‌కు, కింది హోస్‌కు అంత తేడా ఎందుకుంది? నీళ్లు రేడియేటర్‌లో కొంచెం కొంచెంగా దిగుతున్నాయి. దానికి మూడు చోట్ల వెతకాలి. మొదటిది రేడియేటర్ గొట్టాలు పూడిపోవడం. ఫ్లష్ చేయించాను అన్నావు చూడు, అక్కడ నాకు గట్టి అనుమానం. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండిలో తుప్పు, సున్నం పొరలుగా అంటుకుని ఉంటాయి. క్లీనింగ్ మందు వాటిని పెళ్లలుగా ఊడదీస్తుంది. ఆ పెళ్లలు బయటికి రాకపోతే సన్నటి గొట్టాల మూతుల దగ్గర ఇరుక్కుంటాయి. తక్కువ వేడికి మిగిలిన గొట్టాలు సరిపోతాయి. ఎండ, ఏసీ, స్పీడు మూడూ ఒకేసారి కలిసిన రోజు చాలవు. అందుకే నీకు ఉన్నట్టుండి వచ్చినట్టు అనిపించింది.

చూడటం తేలిక. ఇంజిన్ బాగా వేడెక్కాక ఆపి, ఫ్యాన్ కనెక్టర్ తప్పకుండా పీకెయ్యి. తాళం తీసేసినా కొన్ని బళ్లలో ఫ్యాన్ దానంతట అదే తిరుగుతుంది, వేళ్లు పోతాయి. తర్వాత ఇంజిన్ వైపు నుంచి, మెటల్‌కు తాకకుండా, రేడియేటర్‌కు అంగుళం దూరంలో అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి, పక్కలకు కదుపు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దొరికితే ఇంకా మంచిది. పైనుంచి కిందికి వేడి మెల్లగా తగ్గాలి. ఒకచోట కాలిపోతూ దాని పక్కనే చల్లగా తగిలితే అక్కడ గొట్టాలు పూడిపోయినట్టే.

రెండోది వాటర్ పంప్, మన షెడ్లలో వాటర్ బాడీ అంటారు. బయటికి కారకపోయినా లోపల రెక్కలు తుప్పు తిని అరిగిపోయి ఉండొచ్చు. బెల్టు తిరుగుతుంది, పంపు తిరుగుతుంది, నీళ్లు మాత్రం కదలవు. మూడోది కింది హోస్. పంపు నీళ్లు లాగేది దాని నుంచే కాబట్టి మెత్తబడిన పాత హోస్ ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర లోపలికి పీల్చుకుని చప్పిడి అవుతుంది, ఆపగానే మామూలుగా కనిపిస్తుంది. ఎవరినైనా యాక్సిలరేటర్ తొక్కమని, నువ్వు దూరం నుంచి హోస్ చూడు.

డబ్బా నిండి రేడియేటర్ తక్కువ ఉండటం మూత సంగతి. వేడెక్కినప్పుడు మూత నీళ్లను డబ్బాలోకి వదలాలి, చల్లారాక లోపలి చిన్న వాల్వ్ తెరుచుకుని వెనక్కి తీసుకోవాలి. నీది వదులుతోంది, తీసుకోవడం లేదు. మూత ఎంత ఒత్తిడి నిలపాలో చెప్పే 0.9 లాంటి అంకె దాని మీద ఉంటుంది, అదే రకం కొత్తది కొను. ఆ ఒత్తిడి నిలబడితే మామూలు నీళ్లు కూడా 118 డిగ్రీల దాకా మరగవు. మూత బలహీనపడితే 100 దాటగానే లోపల ఆవిరి పడుతుంది. తక్కువ ఖర్చు కాబట్టి ముందు ఇదే మార్చు.

హెడ్ గాస్కెట్ సంగతి కూడా చూసుకో, భయం పోతుంది. పొద్దున ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చెయ్యి. నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తున్నా, స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ రాయిలా గట్టిపడినా, ఆయిల్ మూత కింద పాలు కలిసిన కాఫీలాంటి జిగురు ఉన్నా, సైలెన్సర్‌లో తియ్యటి వాసనతో తెల్ల పొగ ఆగకపోయినా అనుమానించాలి. ఇవేవీ లేకపోతే హెడ్ జోలికి పోవద్దు.

అమ్మను ఎక్కించుకుని మాత్రం ఇవన్నీ తేలేదాకా హైవే ఎక్కొద్దు. ముల్లు ఎర్ర గీత తాకితే ఇంకో కిలోమీటరు కూడా లాగొద్దు. హెడ్ అల్యూమినియం, వంగిందంటే నిజంగానే దించాల్సి వస్తుంది. వేడి మీద మూత తియ్యొద్దు, చన్నీళ్లు పోయొద్దు.

మదనపల్లె శాంత్రో:

అన్నా, నా బండికి ఎప్పుడో థర్మోస్టాట్ తీసేశారు. భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు ముల్లు సగం దాటదు, మైలేజీ మాత్రం తగ్గింది. మళ్లీ వేయిస్తే ఘాట్‌లో హీటెక్కుతుందేమోనని భయం.

రేడియేటర్ పని, తిరుపతి:

ధైర్యంగా వేయించండి. ఘాట్‌లో అది పూర్తిగా తెరుచుకునే ఉంటుంది, అడ్డం రాదు. వేసిన తర్వాత హీటెక్కితే ఇన్నాళ్లూ రేడియేటర్‌లోనో పంపులోనో దాక్కున్న జబ్బు బయటపడిందని అర్థం. ఏసీ కండెన్సర్‌కు (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీకి), రేడియేటర్‌కు మధ్య పేరుకున్న దుమ్ము కూడా ఊదించండి. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది, ఆ సందులో పురుగులు, ఎండుటాకులు ఉంటాయి.

చిత్తూరు జెన్:

అన్నా, మీరు చెప్పినట్టే చూశాను. పొద్దున బుడగలు లేవు, ఆయిల్ మూత శుభ్రంగా ఉంది. థర్మోస్టాట్ గిన్నెలో చక్కగా తెరుచుకుంది. అమ్మ పక్కనే నిలబడి థర్మామీటర్ చదివింది. రేడియేటర్ మీద చెయ్యి కదిపితే పైభాగం, ఒక పక్క మంట, రెండో పక్క కింద సగం దాదాపు చల్లగా ఉంది. చిత్తూరులోనే రేడియేటర్ విప్పించాను. ట్యాంకు తీస్తే గొట్టాల మూతుల మీద ఎర్రటి పెళ్లలు మట్టిలా పేరుకున్నాయి. పనిలో పనిగా వాటర్ బాడీ కూడా తీయించాను, రెక్కల అంచులు తినేసి ఉన్నాయి. పంపు కొత్తది, మూత కొత్తది, కింది హోస్ కొత్తది చెప్పాను. రేడియేటర్‌కు రాడింగ్ (గొట్టాల్లో సన్న రాడ్డు తోసి పూడిక తీయడం) చేయమన్నాను, కానీ కోర్ (ఆ గొట్టాలున్న భాగం) బలహీనంగా ఉంది, రాడ్డు తోస్తే చిల్లు పడొచ్చు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

రేడియేటర్ పని, తిరుపతి:

చేసేవాళ్లే చిల్లు పడొచ్చు అంటున్నారంటే వాళ్ల మాట విను, నిజాయితీగా చెప్పారు. రాడింగ్ నా అన్నం పెట్టే పని, అయినా చెబుతున్నాను, ఇరవై ఏళ్లు దాటిన పలచటి కోర్ మీద ఆ డబ్బు వృథా. కొత్త రేడియేటర్ వేయించు. బిగించే ముందు ఇంజిన్ వైపు కూడా మంచినీళ్లతో కడిగించు, లేకపోతే మిగిలిన పెళ్లలు కొత్తదాన్నీ పూడుస్తాయి.

నింపేటప్పుడు బోరు నీళ్లు వద్దు. కలిపి అమ్మే కూలెంట్ పొయ్యి, లేదా కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం. మెల్లగా పొయ్యి, హీటర్ వేడి వైపు తిప్పి, మూత తీసే ఉంచి ఇంజిన్ ఐడిల్‌లో పెట్టు. గాలి బుడగలు వస్తూ మట్టం దిగుతుంది, దిగినంత పోస్తూ ఉండు. ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగి, మట్టం నిలబడ్డాక మూత బిగించు. కింద ఒలికింది వెంటనే కడిగెయ్యి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, అది విషం. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ మట్టం చూడు. తర్వాత ఒక మధ్యాహ్నం ఒక్కడివే ఏసీ వేసుకుని కాణిపాకం దాకా వెళ్లి రా. ముల్లు కదలకపోతే అమ్మను తీసుకుని తిరుపతి రావచ్చు.