కింబర్లీ పత్రం ఉన్న వజ్రానికి రక్తపు మరక లేనట్టేనా?

మంజీర (ప్రశ్న):
వచ్చే మాఘంలో మా అమ్మాయి పెళ్లి. ఉంగరానికి వజ్రం చూడడానికి వెళ్లినప్పుడు అది ఏ దేశపు గనిలోంచి వచ్చిందని అడిగాను. దుకాణంవారు దేశం పేరు చెప్పలేదు. కింబర్లీ నిబంధనలకు, అంటే ముడి వజ్రాల వ్యాపారం మీద దేశాలు పెట్టుకున్న నియమాలకు, లోబడి వచ్చిన సరుకేనని బిల్లు మీద అచ్చయిన ఒక వాక్యం మాత్రం చూపించారు. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో అంతర్యుద్ధ కాలంలో పిల్లల చేతులు సైతం నరికారని ఎప్పుడో పత్రికలో చదివాను. ఆ ఫొటోలు ఇప్పటికీ కళ్ల ముందు నుంచి పోలేదు. ఒక చిన్న రాయికీ ఆ ఘోరానికీ ఉన్న సంబంధం ఏమిటి? బిల్లు మీది ఆ వాక్యం దేనికి హామీ ఇస్తుంది? తెలిసినవారు వివరించగలరు.

తుంగభద్ర:
మంజీర గారూ, మీ మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. మాది తుగ్గలి ప్రాంతం. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలలో జనం వంగి రాళ్లు వెతకడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. సియెర్రా లియోన్ తూర్పున ఉన్న కోనో జిల్లాలో 1930లో బయటపడిన వజ్రాలు కూడా చాలావరకు వాగులు మోసుకొచ్చి కంకరలో కలిపినవే. పార, జల్లెడ, మోకాలి లోతు బురదనీళ్లలో రోజంతా నిలబడే మనిషి ఉంటే వాటిని తీయవచ్చు. లోతైన గనికైతే కంచె వేసి కాపలా పెట్టవచ్చు గానీ, ఊళ్లకు ఊళ్లు పరుచుకున్న కంకర నేలకు ఎవరు కాపలా కాయగలరు? 1991 మార్చిలో పొరుగున ఉన్న లైబీరియా సరిహద్దు దాటి వచ్చిన ఆర్‌యూఎఫ్ (రివల్యూషనరీ యునైటెడ్ ఫ్రంట్) తిరుగుబాటుదారులకు ఆ నేల మీద పట్టు, తవ్వడానికి మనుషులు, ఈ రెండూ ఉంటే చాలు. చేతులు నరకడం లాంటి ఘోరాలతో ఊళ్లను భయపెట్టి ఖాళీ చేయించి మొదటిది సాధించారు; పట్టుబడినవారికి తుపాకీ గురిపెట్టి రెండోది సాధించారు. టోంగో ప్రాంతంలో సైబోర్గ్ అని పేరుపడిన గుంతలో పౌరుల చేత బలవంతంగా తవ్వించి, వారిలో కొందరిని అక్కడే కాల్చి చంపారని, ఆ యుద్ధ నేరాలను విచారించిన ప్రత్యేక న్యాయస్థానం తీర్పులోనే ఉంది.

అన్ని చేతులూ వజ్రాల కోసమే నరకలేదు. 1996 ఎన్నికలలో జనం ఓటు వేయకూడదని కూడా నరికారు. పొట్టి చేతులు కావాలా, పొడుగు చేతులు కావాలా అని, దర్జీ చొక్కాకు కొలత తీసుకుంటున్నట్టు, ముందు అడిగేవారట. ఈ మాట రాస్తుంటే నా చెయ్యి ఆగిపోతోంది. 2002 జనవరిలో యుద్ధం ముగిసేనాటికి సుమారు 50,000 మంది చనిపోయారని అంచనా. ఇళ్లు విడిచి పోయినవారు 20 లక్షలకు పైనే.

గోదారిగట్టు:
తుంగభద్ర గారు చెప్పినదానికి బజారు సంగతి జోడిస్తాను, ఎందుకంటే కొనేవారు లేకపోతే ఆ గుంతలకు అంత విలువ ఉండేది కాదు. లైబీరియా గనులు ఏడాదికి ఒకటిన్నర లక్షల క్యారెట్లకు మించి ఇవ్వలేవని అంచనా ఉండగా, 1994 నుంచి 1998 వరకు ఆ దేశం పేరు మీద బెల్జియంలో నమోదైన ముడి వజ్రాలు 3 కోట్ల 10 లక్షల క్యారెట్లు దాటాయి. లెక్క కుదరదని, మిగతాది బయటి నుంచి వచ్చిన సరుకేనని ఎవరికైనా తెలుస్తుంది. అయినా సరుకు కొంటూనే వచ్చారు. 1999లో ప్రభుత్వానికీ ఆర్‌యూఎఫ్‌కూ మధ్య కుదిరిన లోమే శాంతి ఒప్పందంలోనైతే ఆర్‌యూఎఫ్ నాయకుడు ఫోడే సంకోనే దేశ ఖనిజ సంపదను చూసే సంఘానికి అధ్యక్షుడిని చేశారు. ఆయుధాలిచ్చి వజ్రాలు పుచ్చుకున్న లైబీరియా మాజీ అధ్యక్షుడు చార్లెస్ టేలర్‌కు 2012లో 50 ఏళ్ల శిక్ష పడింది.

ఇక ఆ బిల్లు సంగతి. 2003 జనవరిలో అమలులోకి వచ్చిన కింబర్లీ పత్రం, ముద్ర వేసిన పెట్టెలో దేశం దాటే ముడి వజ్రాలకు వర్తిస్తుంది గానీ సానపట్టిన ఒక్కో రాయికి కాదు. సూరత్‌లో రకరకాల గనుల రాళ్లు కలిసిపోయాక మీకు చేరేది వ్యాపారులు ఒకరికొకరు రాసిచ్చుకునే మాట మాత్రమే. అంతకన్నా పెద్ద లోపం నిర్వచనంలో ఉంది: ప్రభుత్వాలపై పోరాడే తిరుగుబాటుదారులకు డబ్బు సమకూర్చే ముడి వజ్రాలనే అది నిషేధిస్తుంది. 2008లో జింబాబ్వేలోని మరాంగేలో తవ్వకందారుల మీద కాల్పులు జరిపింది ఆ దేశపు సైన్యమే. 200 మందికి పైగా చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్క. కాల్చినవారు ప్రభుత్వం మనుషులు కాబట్టి ఆ వజ్రాలు ఈ నిర్వచనంలోకి రాలేదు. ఈ ఏర్పాటు కోసం పోరాడిన గ్లోబల్ విట్‌నెస్ సంస్థే 2011లో దాని నుంచి బయటికి వచ్చింది.

మంజీర:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే అసలు కొనకుండా ఉండడమే మంచిదా?

తుంగభద్ర:
నేను అలా అనలేను. కోనోలో ఈనాటికీ జల్లెడ పట్టి బతికే కుటుంబాలు ఉన్నాయి. మనం కొనడం మానేస్తే మొదట పస్తుండేది వారే. రాయి ఏ దేశంలో, ఏ గనిలో దొరికిందో బిల్లు మీద రాసివ్వమని అడగండి. కెనడా గనుల రాళ్లలో కొన్నింటికి ఆ వివరం, సంఖ్య ఉంటాయి. రాసివ్వలేమంటే మరో దుకాణం చూడండి, లేదా బంగారు ఉంగరంతో సరిపెట్టండి. పెళ్లికూతురితో కూడా ఈ విషయం ఒకసారి మాట్లాడండి. వేలికి పెట్టుకునేది ఆ అమ్మాయే కదా.