యాక్టివ్ టార్గెట్ టీపీసీ: బీమ్ పక్కన ట్రాకులు వంగడానికి కారణం ఏ అయాన్లు?

మా టీపీసీ (టైమ్ ప్రొజెక్షన్ చాంబర్, వాయువులో కణాల దారులను నమోదు చేసే డిటెక్టర్)లో హీలియం 90, కార్బన్ డయాక్సైడ్ 10 శాతం, 400 మిల్లీబార్. ఈ వాయువే టార్గెట్, ఇదే డిటెక్టర్. ఎలక్ట్రాన్లను పెంచే మైక్రోమెగాస్‌లో మెష్‌కు (సన్నని లోహపు వల), సిగ్నల్ అందుకునే ప్యాడ్లకు మధ్య గ్యాప్ 256 మైక్రాన్లు. బీమ్ ఆపితే అమెరీషియం-241 ఆల్ఫా ట్రాకులు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా వస్తున్నాయి. కార్బన్-12 బీమ్ సెకనుకు 10,000 కణాలు దాటితే, దాని పక్కనున్న ట్రాకులు బీమ్ వైపుకు వంగుతున్నాయి. రేటు తగ్గిస్తే సర్దుకుంటున్నాయి.

ఆక్సిజన్, తేమ ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటే డ్రిఫ్ట్ దూరం (ఎలక్ట్రాన్లు మెష్ దాకా ప్రయాణించే దూరం) పెరిగేకొద్దీ చార్జ్ తగ్గాలి. అది తగ్గట్లేదు, కాబట్టి స్పేస్ చార్జే (వాయువులో పేరుకున్న పాజిటివ్ అయాన్ల చార్జ్) అనుకుంటున్నాను. కానీ ఆ అయాన్లు బీమ్ దారిలో పుట్టినవా, మెష్ నుంచి వెనక్కి వచ్చినవా?

రేటు మార్చకుండా మెష్ వోల్టేజి మాత్రం తగ్గించి చూస్తే తేల్చడానికి సరిపోతుందా? మెష్ నుంచి వచ్చినవైతే, బీమ్ కింది ప్యాడ్లకు విడిగా వోల్టేజి ఇచ్చి అక్కడ గెయిన్ (ఎలక్ట్రాన్లు ఎన్ని రెట్లు పెరుగుతాయో ఆ లెక్క) తగ్గించాలని ఉంది. అప్పుడు వెర్టెక్స్ (చర్య జరిగిన చోటు) కనిపించకుండా పోదు కదా? ఈ పద్ధతి వాడినవాళ్లు గెయిన్ ఎన్నో వంతుకు దించారో చెప్పగలరా?