ప్రొబేషన్‌లో ఉన్న మా తమ్ముడిని ఎంక్వైరీ లేకుండా తీసేశారు, ఏం చేయాలి?

సర్వీస్ రూల్స్ తెలిసినవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి ప్లీజ్. మా తమ్ముడు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి, ఇంకో రెండు నెలల్లో ప్రొబేషన్ డిక్లేర్ అవ్వాల్సింది, సోమవారం సాయంత్రం ఇంటికెళ్లే టైంలో టెర్మినేషన్ ఆర్డర్ చేతిలో పెట్టారు. రెండే లైన్లు, 'సేవలు సంతృప్తికరంగా లేవు' అని. కానీ అంతకుముందే ఎవరో కంప్లైంట్ ఇస్తే స్టేట్‌మెంట్లు తీసుకున్నారు, ఆ రిపోర్ట్ కాపీ వీడికి ఇవ్వలేదు, ఛార్జ్ మెమో (ఆరోపణలు రాసిచ్చే నోటీసు) లేదు, వీడి మాట విన్నదీ లేదు. పని బాగోలేదని తీసేస్తే పూర్తి ఎంక్వైరీ అక్కర్లేదని తెలుసు, కానీ అసలు కారణం ఆరోపణే అయితే ఆర్డర్‌లో ఎంత మెత్తగా రాసినా అది శిక్షే, రాజ్యాంగంలోని ఆర్టికల్ 311(2) ప్రకారం ఎంక్వైరీ చేయాల్సిందే అని 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కదా. ముందు డిపార్ట్‌మెంట్‌లో అప్పీల్ వేయాలా, నేరుగా హైకోర్టులో రిట్ వేయొచ్చా? ఆ రిపోర్ట్ ఆర్టీఐలో అడిగితే ఇస్తారా? వాడు ఆ కాగితమే పట్టుకుని కూర్చుంటున్నాడు, చూడలేకపోతున్నాం.