డిష్‌వాషర్‌లో రోజూ వేసినా పాడవని సాస్‌పాన్లు ఏవి?

మాది నెల్లూరు జిల్లా కావలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, సింకు దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. అందుకే డిష్‌వాషర్ పెట్టించాం. స్టీలు పళ్లేలు, గ్లాసులు తళతళలాడుతున్నాయి. చిక్కంతా వండే గిన్నెలతోనే. పాలు కాచే అల్యూమినియం గిన్నె నల్లబడి, తుడిస్తే గుడ్డకి మసి అంటుతోంది. డిష్‌వాషర్ పొడిలో క్షారం ఎక్కువ కాబట్టి అల్యూమినియం తట్టుకోదట. ఎటూ చింతపండు పులుసు అందులో పెట్టడం నాకిష్టం లేదు. మా ఇంట్లో చేపల పులుసు మర్నాటిదాకా చేసిన గిన్నెలోనే ఉంటుంది, అప్పుడే దానికి రుచి.

ఇప్పుడు 304 గ్రేడు స్టీలులో రెండు చూస్తున్నాను: టీకి, పాలకి ఒకటిన్నర లీటరుది, పులుసుకి మూడు లీటర్లది. ట్రైప్లై (రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొర ఉండే రకం) అయితే వేడి సమంగా పాకి త్వరగా అడుగంటదు, బాగానే ఉంది. కానీ కొట్లో చూసినదానికి అంచు దగ్గర మధ్యలోని అల్యూమినియం పొర సన్నటి గీతలా బయటికి కనిపిస్తోంది. రోజూ కడిగితే ఆ పొర తినేసి అంచు పదునెక్కుతుందేమోనని నా భయం. అంచు మూసేసిన రకం నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ దొరుకుతుందా? లేక అడుగు మాత్రమే మందంగా ఉండే శాండ్‌విచ్ బాటమ్ చాలా?

పిడి మొత్తం స్టీలుదే కావాలి, బేకలైట్ వద్దు. రివెట్ల చుట్టూ జిడ్డు పేరుకుంటుందా, వెల్డింగ్ పిడి ఊడిపోతుందా?

మాది బోరు నీళ్లు, ఉప్పదనం ఎక్కువ. నీటి కాఠిన్యం తగ్గించే డిష్‌వాషర్ సాల్ట్ వేస్తున్నా తెల్లమచ్చలు పడుతున్నాయి. ఇలాంటి నీళ్లతోనే కొన్నేళ్లుగా వాడుతున్నవాళ్లు ఏ గిన్నెలు నిలబడ్డాయో దయచేసి చెప్పండి.